బోర్లా పడుకోబెట్టడం: ఐసీయూలోనూ ఇంట్లోనూ

"బోర్ల పండవెడితె ఊపిరెట్లాడుతది సార్?" ములుగు నుంచో భూపాలపల్లి నుంచో ఊపిరాడని పేషెంటును వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి తెచ్చుకున్నవాళ్లకు ఈ అనుమానం రావడం సహజం. ముందు దానికి జవాబు చెప్పి, తర్వాతే మనిషి మీద చెయ్యి వేయాలి.

వెల్లకిలా ఉన్నప్పుడు గుండె బరువు, పొట్ట ఒత్తిడి ఊపిరితిత్తుల వెనక భాగం మీద పడతాయి. న్యుమోనియా వల్లనో, పురుగుల మందు తాగినప్పుడు వాంతి శ్వాసనాళంలోకి పోయినందువల్లనో ఊపిరితిత్తులకు నీరు పట్టి ఉంటే, ఆ బరువుకు వెనక భాగం నలిగి మూసుకుపోతుంది. రక్తం మాత్రం అక్కడికి పోతూనే ఉంటుంది, ఆక్సిజన్ అందుకోకుండానే తిరిగి వస్తుంది. బోర్లా తిప్పితే గుండె రొమ్ము ఎముక మీదికి ఆనుతుంది, ఊపిరితిత్తుల్లో మూసుకుపోయిన గాలి గదులు తెరుచుకుంటాయి.

దీని మేలును గట్టిగా చూపించింది ప్రోసేవా అనే వైద్య పరిశోధన. ఫ్రాన్స్, స్పెయిన్ ఐసీయూల్లో 466 మందిపై చేసిన ఈ పరిశోధన 2013లో అచ్చయింది. వెంటిలేటర్ మీద ఉండి, పీ/ఎఫ్ నిష్పత్తి (రక్తంలోని ఆక్సిజన్ ఒత్తిడిని, ఇస్తున్న గాలిలోని ఆక్సిజన్ పాలుతో భాగిస్తే వచ్చే అంకె) 150 కన్నా తక్కువున్నవాళ్లను ఒక్కోసారి కనీసం 16 గంటలు బోర్లా ఉంచారు. 28 రోజుల్లో చనిపోయినవాళ్లు వెల్లకిలా ఉంచినవారిలో 32.8 శాతం, బోర్లా ఉంచినవారిలో 16 శాతం. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పెరిగింది కదా అని రెండు గంటలకే మళ్లీ వెల్లకిలా తిప్పేస్తే ఆ ఫలితం ఆశించకూడదు.

విరిగిన వెన్నెముక నిలకడగా లేనివాళ్లను, మెదడులో ఒత్తిడి పెరిగినవాళ్లను, ఈమధ్యే ఛాతీ కోసి ఆపరేషన్ చేసినవాళ్లను, బీపీ నిలవనివాళ్లను తిప్పవద్దు.

తిప్పడం నిమిషం పని, అసలు పనంతా దానికి ముందే ఉంది. గంట ముందే రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి పొట్టలోకి వేసిన పైపు) ఫీడ్ ఆపి, పొట్టలో ఉన్నది లాగేయండి. గొంతులో, వెంటిలేటర్‌కు కలిపిన శ్వాస ట్యూబ్‌లో చేరిన కఫాన్ని సక్షన్‌తో లాగేయండి. ఆక్సిజన్ 100 శాతానికి పెంచండి. మత్తు చాలినంత ఉందో లేదో చూసుకోండి. శ్వాస ట్యూబ్ పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గీత మీద ఉందో రాసుకోండి. ప్లాస్టర్ ఒక్కదాన్నే నమ్మవద్దు. మే నెల ఉక్కపోతకు చెమట, ఆపైన నోటినుంచి కారే లాలాజలం కలిసి అది జారిపోతుంది, గుడ్డ టేపుతో ముడి కూడా వేయాలి. కళ్లలో ఆయింట్‌మెంట్ వేసి, రెప్పలు మూసి టేపు అంటించండి. రెప్ప కొంచెం తెరుచుకున్నా నల్లగుడ్డు దిండుకు రాసుకుని పుండు పడుతుంది.

కనీసం ఐదుగురు కావాలి. తల దగ్గర ట్యూబ్ పట్టుకునే డాక్టరుదే లెక్క, మిగతావాళ్లు ఆ మాటకే కదలాలి. పక్కకు ఇద్దరేసి. మనిషిని షీటుతో వెంటిలేటర్‌కు దూరంగా ఉన్న అంచుకు జరపండి. వెంటిలేటర్ వైపు చేతిని పిరుదు కిందికి నెట్టి పెట్టండి. ఛాతీ మీద ఒకటి, తుంటి మీద ఒకటి దిండ్లు పెట్టి, పైన ఇంకో షీటు పరిచి, రెండు షీట్ల అంచులు కలిపి బిగుతుగా చుట్టండి. "ఒకటి, రెండు, మూడు" అనగానే వెంటిలేటర్ వైపు ముఖం వచ్చేలా పక్కకు తిప్పి ఆగండి. ఈసీజీ ప్యాచ్‌లు తీసి వీపుకు అంటించాల్సింది ఇక్కడే. ఛాతీ కింద మరిచిపోయిన ఒక్క ప్యాచ్ 16 గంటల్లో చర్మాన్ని ఒరిసేస్తుంది. తర్వాత మెల్లగా బోర్లా దించండి.

దించగానే ట్యూబ్ గీత మళ్లీ చూసి, వీపు మీద స్టెతస్కోప్ పెట్టి రెండు వైపులా గాలి పోతోందో వినండి. ఎడమ వైపు వినబడకపోతే ట్యూబ్ లోపలికి జారిందేమో చూడాలి. ముఖం తిరిగిన వైపు చెయ్యి పైకి, రెండోది ఒంటి పక్కన ఉంచండి. పైకెత్తిన భుజాన్ని 90 డిగ్రీలు దాటిస్తే నరాలు సాగి చెయ్యి చచ్చుబడే ప్రమాదముంది. రెండు గంటలకోసారి ముఖాన్ని, చేతులను మార్చండి. మార్చినప్పుడల్లా చెవి మడత పడిందా, యూరిన్ పైపు తొడ కింద నలుగుతోందా, మగవారికైతే వృషణాలు ఒత్తుకుంటున్నాయా చూడండి. సిగ్గుపడి వదిలేస్తే అక్కడే పుండ్లు పడతాయి. మంచం తల వైపు కొంచెం ఎత్తి పెడితే ముఖం వాపు తగ్గుతుంది.

మెలకువగా ఉండి, తానుగా తిరగగలిగిన పేషెంటుకు ఇంత హంగామా అక్కర్లేదు. 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ కోవిడ్ పేషెంట్ల కోసం చెప్పిన పద్ధతి ఇది: మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల పైభాగం దాకా ఒకటో రెండో, పిక్కల కింద రెండు. దిండ్లు చాలకపోతే చద్దర్లు మడిచి పెట్టండి. నవారు మంచం వద్దు, నడుమ గుంత పడి పొట్ట నొక్కుకుంటుంది. నేల మీద బొంత పరిస్తే మేలు. అన్నం తిన్న గంట దాకా ఆగాలి. ఒక్కో భంగిమలో అరగంట నుంచి రెండు గంటలు చాలు, తర్వాత కుడివైపు, కూర్చుని, ఎడమవైపు, మళ్లీ బోర్లా. గర్భిణులు, తొడ ఎముకో కటి ఎముకో విరిగినవాళ్లు, కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి, దానికి చికిత్స మొదలై 48 గంటలు కానివాళ్లు దీని జోలికి పోవద్దు. సాచురేషన్ 94 కన్నా తగ్గితే ఇది చేస్తూనే ఆసుపత్రికి బయలుదేరాలి. ఆయాసం పెరిగినా, మాట తడబడినా బండి కోసం ఫోన్ చేయండి, 108కి.

పసిపిల్లలను నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టాలి.