ఇంజన్ బిల్డ్ పాఠాలు – 5: ఏ పార్టు మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

పోయిన పాఠంలో ఎంత పవర్ కావాలో రాసి పంపమన్నాను. చాలామంది "150 హార్స్‌పవర్" అని ఒక్క ముక్క రాసి, కింద కొనబోయే పార్టుల చిట్టా పెట్టారు. ప్రతి చిట్టాలోనూ మొదటి పేరు ఫోర్జ్‌డ్ పిస్టన్లే (అచ్చులో పోయకుండా, లోహాన్ని బలంగా ఒత్తి చేసిన గట్టి పిస్టన్లు). రాజాం తమ్ముడొకడు వాటికి అడ్వాన్సు కూడా కట్టేశాడు. అందుకే ఈ వారం టర్బో (ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) పాఠం ఆపేసి ఇది రాస్తున్నాను.

150 సరే, ఏ ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర? అది చెప్పకుండా ఒక్క బోల్టు కూడా ఎంచుకోలేం. న్యూటన్ మీటర్లలో టార్క్‌ని, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, ఆర్పీఎంతో గుణించి, 7,120తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 1.6 లీటర్ల పాత మారుతి బెలీనో కారు తీసుకోండి, కంపెనీ లెక్కలో 94 హార్స్‌పవర్. టర్బో పెట్టి 5,000 దగ్గర 214 న్యూటన్ మీటర్లు తెచ్చినా 150 అవుతుంది. టర్బో లేకుండా 7,500 దగ్గర 142 తెచ్చినా 150 అవుతుంది. అంకె ఒకటే, విరిగే పార్టులు మాత్రం వేరు.

ముందు ఆర్పీఎం దారి. నన్ను విసిగించే తప్పు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త సాగదీస్తాను. పిస్టన్ పైకి వెళ్లి ఆగి, మళ్లీ కిందకి రావాలి. దాన్ని వెనక్కి లాగేది కనెక్టింగ్ రాడ్, ఆ రాడ్‌ని క్రాంక్‌కి (కింద తిరిగే ఇరుసుకి) పట్టి ఉంచేవి రెండు చిన్న బోల్టులు. చేలో పిట్టల్ని తోలే వడిసెల ఎంత జోరుగా తిప్పితే తాడు అంత లాగుతుంది కదా, ఇదీ అంతే. కాకపోతే ఈ లాగుడు వేగానికి వర్గంలో పెరుగుతుంది. 5,000 నుంచి 7,500కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లే, బోల్టు మీద లాగుడు రెండుంపావు రెట్లు. కంప్రెషన్ స్ట్రోక్‌లో పైనున్న గ్యాస్ పిస్టన్‌ని కిందకి నొక్కి కొంత సాయం చేస్తుంది. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర వాల్వులు తెరిచి ఉంటాయి, పైన నొక్కేదేమీ ఉండదు, భారమంతా బోల్టుదే. అందుకే రాడ్ బోల్టులు చాలావరకు యాక్సిలరేటర్ వదిలేసిన క్షణంలోనో, కంగారులో తప్పు గేరుకి దించినప్పుడో తెగుతాయి. పిస్టన్ ఎంత ఖరీదైనదైనా బోల్టు తెగితే రాడ్ గుద్ది ఇంజన్ బ్లాకుకి కిటికీ పడుతుంది.

ఈ దారిలో డబ్బు వెళ్లాల్సిన వరస: రాడ్ బోల్టులు, వాల్వ్ స్ప్రింగులు, క్యామ్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు), హెడ్ (వాల్వులుండే పై భాగం) పని. స్ప్రింగు బలహీనమైతే వాల్వు సమయానికి మూసుకోదు, పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్ల సంగతి ఆ తర్వాత. 1989లో హోండా బి16ఏ ఇంజన్ 1.6 లీటర్లలో, టర్బో లేకుండా, 7,600 దగ్గర 160 పీఎస్ (హార్స్‌పవర్‌కి దాదాపు సమానమైన కొలత) ఇచ్చింది. దారి ఉంది, చవక మాత్రం కాదు.

టర్బో దారిలో లాగుడు కన్నా నొక్కుడు ఎక్కువ. హెడ్ గ్యాస్కెట్, హెడ్ స్టడ్లు, రాడ్లు, క్లచ్ ముందు మొరపెడతాయి. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతూ, నాలుగో గేరులోనే ఉంచి 2,500 దగ్గర పెడల్ పూర్తిగా తొక్కితే రాడ్ వంగే ప్రమాదం ఎక్కువ. నాకింగ్ (పెట్రోల్ సమయం కాకముందే తనంతట తాను పేలడం) వస్తే పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నని గట్టు విరుగుతుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్ అడగాల్సింది ఇక్కడ. అది కూడా ఫ్యూయల్, ట్యూనింగ్ సరిచేసుకున్నాకే, ఎందుకంటే నాకింగ్ ఆగకపోతే ఫోర్జ్‌డ్ కూడా ఎక్కువ కాలం ఆగదు.

రాజాం తమ్ముడూ, అడ్వాన్సు ఎలాగూ కట్టేశావు కాబట్టి ఒక మాట. పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాకు లేత్ షాపుకి పంపు. ఫోర్జ్‌డ్‌లో ఎక్కువగా వాడే 2618 రకం అల్యూమినియం వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. పిస్టన్ తయారీదారు ఇచ్చిన క్లియరెన్స్ (పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఖాళీ) కాగితం మీద రాసి మరీ ఇవ్వు. "మామూలుగా వేసేయండి" అంటే వాళ్లు పాత లెక్కకే సిలిండర్ బోర్ చేస్తారు (తొలుస్తారు), వేడెక్కాక పిస్టన్ పట్టేస్తుంది.

కంప్రెషన్ టెస్టు, ఆయిల్ ప్రెషర్ మీరు చూసే ఉంటారు, వాటిలోకి వెళ్లను. ఇన్‌టేక్ పైపు మెరిసేలా పాలిష్ చేయించడం నాకు నచ్చదు. ఆ డబ్బు క్లచ్‌లో పెట్టండి. ఇదంతా ట్రాక్ బండికి. రోడ్డు బండికైతే, బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ముందు చదవండి.

అభ్యాసం: మీ ఇంజన్ లక్ష్యానికి 5,000, 6,000, 7,500 దగ్గర ఎంత టార్క్ కావాలో మూడు వరసల్లో రాయండి. ప్రతి వరసకీ ముందుగా విరిగే మూడు పార్టులు, పక్కన "లాగుడు" అనో "నొక్కుడు" అనో కారణం. టర్బో వాళ్లు ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మే పార్టు) లెక్క కూడా చేయాలి. హార్స్‌పవర్‌కి నిమిషానికి సుమారు 6.3 సీసీ పెట్రోల్, ఇంజెక్టర్‌ని 80 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు. 150కి నాలుగు ఇంజెక్టర్లైతే ఒక్కోటి నిమిషానికి 300 సీసీ దగ్గర రావాలి. ఇ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్ పోసేవాళ్లు దానిమీద ఇంకాస్త కలుపుకోండి, ఎంత కలిపారో కూడా రాయండి.