సినిమాను చదవడం, 5వ పాఠం: గది బయట ఏం జరుగుతోంది?

పోయిన పాఠంలో శబ్దాలను పట్టుకోవడం చూశాం. ఈసారి పని కాస్త కష్టం: చూపునంతా ఒక్కచోటికే లాగేసే సినిమాలో పక్కకి చూడటం. అందుకే జపాన్ శృంగార సినిమాలు ఎంచుకున్నాను. పెద్దవాళ్లకి మాత్రమే, ముందే చెబుతున్నా.

నగిసా ఒషిమా 1976లో తీసిన 'ఇన్ ద రెల్మ్ ఆఫ్ ద సెన్సెస్' తీసుకుందాం. సదా అబే అనే ఆవిడ ప్రియుణ్ణి చంపిన నిజమైన కేసు ఆధారంగా తీసిన సినిమా. కథ చాలావరకు మూసిన గదుల్లోనే నడుస్తుంది. ఒకచోట మాత్రం ప్రియుడు కిచిజో వీధిలో నడుస్తుంటాడు. ఎదురుగా సైనికులు కవాతు చేస్తూ వస్తారు, జనం జెండాలు ఊపుతుంటారు. అతను తల వంచుకుని, గోడవారగా, వాళ్లకి ఎదురు దిశలో వెళ్లిపోతాడు. మాటల్లేవు. అక్కడ ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూడండి.

సినిమా చివర్లో వినిపించే గొంతు ఇది 1936లో జరిగిందని చెబుతుంది. ఆ ఫిబ్రవరిలోనే టోక్యోలో యువ సైనికాధికారులు తిరుగుబాటు చేసి, ఆర్థికమంత్రితో సహా కొందరిని చంపారు. మరుసటి ఏడాదే చైనాతో యుద్ధం. దేశం కవాతు చేస్తుంటే ఈ ఇద్దరూ తలుపులేసుకున్నారు. ఇది ధిక్కారమా, పారిపోవడమా? నాకైతే రెండూ కనిపిస్తాయి. ఆ గదిలోనూ చివరికి దక్కింది చావే కదా!

అశ్లీలతను శిక్షించే జపాన్ శిక్షాస్మృతి 175వ సెక్షన్ భయంతో, తీసిన ఫిల్మును కడగకుండానే ఫ్రాన్స్‌కి పంపారు. ఆ సినిమా ఫొటోలతో వచ్చిన పుస్తకం మీద మాత్రం కేసు పడింది. 1982లో హైకోర్టులోనూ ఒషిమాయే గెలిచాడు.

ఇక తెట్సుజి తకెచి తీసిన 'బ్లాక్ స్నో', 1965. జపాన్‌లోనే, యొకోటాలోని అమెరికన్ వైమానిక స్థావరం కంచె పక్కన ఒక అమ్మాయి బట్టల్లేకుండా పరుగెడుతుంది. పైన విమానాల హోరు. ఆ అమ్మాయి అంటే అవమానపడ్డ జపాన్ దేశం అని ఇట్టే అర్థమైపోతుంది, మరీ ఇట్టే. అక్కడే అనుమానించాలి. ఆ బాధ ఆమెదేనా, లేక ఆమె ఒంటిని దేశానికి గుర్తుగా వాడేసుకున్నారా? తకెచి జాతీయవాది. అధికారాన్ని తిట్టే శృంగార సినిమా అనగానే వామపక్షమని లెక్క కట్టేయకండి.

అభ్యాసం: ఈ రెండింటిలో ఒక దృశ్యం తీసుకుని, వెనకున్న జెండానో కంచెనో విమానం మోతనో మనసులో తీసేయండి. దృశ్యం అర్థం మారిందా? మారకపోతే అది వట్టి అలంకారం. మారితే ఏం మారిందో నాలుగు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. నిక్కాత్సు స్టూడియో 1971లో మొదలుపెట్టిన 'రోమన్ పోర్నో' అనే శృంగార సినిమాలతో వచ్చే పాఠం నడుస్తుంది, అప్పుడు ఆ కాగితం కావాలి.