విస్కాన్సిన్‌లో మీ పార్టీ గెలుస్తుందా? సర్వే చూసే ముందు మీరే లెక్క వేసుకోండి

అమెరికా అధ్యక్ష ఎన్నికలో విస్కాన్సిన్ ఎవరికి పోతుందని అడిగితే చాలామంది ఆ వారం వచ్చిన సర్వే చూసి జవాబు చెప్పేస్తారు. అలా చెయ్యకండి. సర్వే చూడాలి, కానీ చివర్లో చూడాలి. ముందు తేల్చుకోవాల్సింది పోయినసారి ఓడిన పార్టీకి ఎన్ని ఓట్లు తక్కువ పడ్డాయి, ఆ ఓట్లు ఈసారి ఏ కౌంటీల (మన జిల్లాల్లాంటివి) నుంచి రావాలి అన్నది. ఈ రెండో ముక్కకి జవాబు చెప్పలేకపోతే మనం చెప్పేదంతా అభిమానమే.

విస్కాన్సిన్‌నే ఎందుకు తీసుకున్నానంటే, నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి రాష్ట్రం లేదు. ఉన్నవి 10 ఎలక్టోరల్ ఓట్లే (అధ్యక్షుణ్ని చివరికి తేల్చేది రాష్ట్రాల వారీగా ఉండే ఈ ఓట్లే), కానీ ఒక్క ఓటు మెజారిటీ వచ్చినా ఆ 10 మొత్తం గెలిచిన వాళ్లకే పోతాయి. 2016లో రిపబ్లికన్ ట్రంప్ 22,748 ఓట్లతో గెలిచాడు, 2020లో డెమోక్రాట్ బైడెన్ 20,682తో, 2024లో మళ్లీ ట్రంప్ 29,397తో. 2024లో పోలైన ఓట్లు 34 లక్షల పైమాటే, అంటే తేడా ఒక శాతం కూడా లేదు. మూడుసార్లూ ఇదే పరిస్థితి.

ఈ 29,397ని ముందు పేపర్ మీద రాసుకోండి. డెమోక్రాట్లు 2028లో గెలవాలంటే దీన్ని దాటాలి. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ట్రంప్‌కి వేసిన మనిషి ఈసారి డెమోక్రాట్‌కి వేస్తే తేడా రెండు ఓట్లు తగ్గుతుంది, అదే మనిషి ఇంట్లో కూర్చుంటే ఒక్కటే తగ్గుతుంది. అంటే సుమారు 14,700 మంది మనసు మార్చుకున్నా ఫలితం తిరగబడుతుంది, కేవలం కొత్త ఓటర్లతోనే గెలవాలంటే మాత్రం 29 వేల మందికి పైగా కావాలి. "మా వాళ్లని బూత్‌కి తెస్తే చాలు" అనే వాళ్లకీ "తటస్థుల్ని తిప్పుకోవాలి" అనే వాళ్లకీ ఎప్పుడూ జరిగే గొడవ మొత్తం ఈ లెక్క చుట్టూనే.

తర్వాత రాష్ట్రాన్ని ముక్కలు చెయ్యండి. 72 కౌంటీలున్నాయి, అన్నీ చూడక్కర్లేదు. మొదట డేన్ కౌంటీ, అంటే మాడిసన్ నగరం, యూనివర్సిటీ, ప్రభుత్వ ఆఫీసులు, ఐటీ ఉద్యోగాలు. ఇది డెమోక్రాట్ల కంచుకోట, పైగా జనాభా పెరుగుతున్న కోట. 2016లో ఇక్కడ డెమోక్రాట్ హిల్లరీ క్లింటన్ మెజారిటీ 1.46 లక్షలు, 2020లో బైడెన్‌కి 1.81 లక్షలు. రాష్ట్రం మొత్తం మీద ఆ రెండు ఎన్నికల మధ్య అటు నుంచి ఇటు తిరిగిన తేడా 43 వేలు అనుకుంటే, అందులో 35 వేలు ఈ ఒక్క కౌంటీయే ఇచ్చింది. కానీ ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. 2024లో డెమోక్రాట్ అభ్యర్థి హారిస్‌కి డేన్‌లో మెజారిటీ ఇంకా పెరిగి 1.85 లక్షలు దాటింది, అయినా రాష్ట్రం పోయింది. కాబట్టి కంచుకోటలో మెజారిటీ పెరిగిందని తెలియగానే సంబరపడొద్దు, మిగతా చోట ఎంత పోయిందో కూడా చూడండి.

మిల్వాకీ దగ్గర చూడాల్సింది వేరు. అక్కడ ఎవరు గెలుస్తారన్నది ప్రశ్నే కాదు, ఎంతమంది వచ్చి ఓటేస్తారన్నదే ప్రశ్న. 2012లో ఒబామాకి మిల్వాకీ కౌంటీలో వచ్చిన ఓట్ల కంటే 2016లో క్లింటన్‌కి 40 వేలకు పైగా తక్కువ వచ్చాయి, ఆమె రాష్ట్రంలో ఓడింది 22 వేల చిల్లరతో. అలాగని ఆ ఓట్లన్నీ ట్రంప్‌కి పోలేదు, అదే కౌంటీలో ట్రంప్‌కి కూడా 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీకి వచ్చినన్ని రాలేదు. పడకుండా పోయిన ఓటు ఎంత పని చేస్తుందో ఇక్కడ చూస్తే అర్థమవుతుంది. పార్టీ అభ్యర్థిగా ఖరారయ్యాక ఆ ఏడాది క్లింటన్ విస్కాన్సిన్‌కి ప్రచారానికి ఒక్కసారి కూడా రాలేదు. ఆ ఒక్క కారణంతోనే ఓడిందని నేను అనను, కానీ ఇంత తక్కువ తేడాతో పోయే రాష్ట్రాన్ని వదిలేయడం ఏ పార్టీకీ మంచిది కాదు.

మిల్వాకీ చుట్టూ ఉన్న వాకెషా, ఓజాకీ, వాషింగ్టన్ కౌంటీలు రిపబ్లికన్లవి. వాకెషాలో 2012లో రామ్నీకి దాదాపు 67 శాతం, ట్రంప్‌కి ఏ ఎన్నికలోనూ 60 దాటి పెద్దగా పోలేదు. చదువుకున్న శివారు ఓటరు మెల్లగా జారుతున్నాడన్నమాట. ఓజాకీ ఇంకా వేగంగా జారుతోంది. రిపబ్లికన్ పార్టీ గెలుస్తుందా అని లెక్క వేసేవాళ్లు వాకెషాలో 59 శాతం నిలబడుతుందా, ఇంకా కిందికి దిగుతుందా అన్నది చూడాలి.

మరి శివార్లలో పోయింది ట్రంప్‌కి ఎక్కడ వచ్చింది? పడమటి వైపు పల్లెల్లో, పాల రైతుల కౌంటీల్లో, ఉత్తరాన అడవుల దగ్గర చిన్న ఊళ్లలో. 2012లో ఒబామాని గెలిపించిన కౌంటీలు ఇరవైకి పైగా 2016లో ట్రంప్ వైపు తిరిగాయి. 2020లో బైడెన్ వాటిలో వెనక్కి తెచ్చుకున్నవి రెండే, సాక్, డోర్. రెండే వెనక్కి వచ్చినా బైడెన్ రాష్ట్రం ఎలా గెలిచాడో చూడండి, పల్లె కౌంటీల్లో గెలవాల్సిన పని లేదు, ఓటమి తేడా కొంచెం తగ్గించుకుంటే చాలు. నన్నడిగితే డెమోక్రాట్లకి 2028లో అసలు పని ఇక్కడే ఉంది, మాడిసన్‌లో కాదు.

డోర్ కౌంటీ గురించి ఒక మాట. ఏళ్లుగా ఇది ఎవరికి వేస్తే వాళ్లే అధ్యక్షుడు అని పేరు. 2024లో డోర్ హారిస్‌కి వేసింది, రాష్ట్రమూ దేశమూ ట్రంప్‌కి వేశాయి. సాక్ మాత్రం రాష్ట్రంతోనే నడిచింది. ఒక్క కౌంటీని పట్టుకుని జోస్యం చెప్పేవాళ్లని నమ్మొద్దు.

ఇప్పుడు సర్వేలు తియ్యండి. 800 మందిని అడిగిన సర్వేలో ఒక్కో అభ్యర్థి శాతం మీద సుమారు 3.5 అటూ ఇటూ తప్పు ఉండొచ్చు, ఇద్దరి మధ్య తేడా మీదైతే అది ఇంకా పెద్దది, దాదాపు రెట్టింపు. ఒక శాతం లోపు తేలే రాష్ట్రంలో 2 శాతం ఆధిక్యం చూసి టెన్షన్ పడటం గానీ పండగ చేసుకోవడం గానీ అనవసరం. 2016లో క్లింటన్ 6 పైన ఉందన్నారు, ఓడింది. 2020లో సర్వేల సగటు బైడెన్‌కి 8 దాకా ఇచ్చింది, ఒక పెద్ద సర్వే ఏకంగా 17 అంది, చివరికి వచ్చింది 0.6. అలాగని ప్రతిసారీ రిపబ్లికన్లకి అయిదారు శాతం కలిపేసుకోవడమూ తప్పే. 2022 గవర్నర్ ఎన్నిక హోరాహోరీ అన్నారు, డెమోక్రాట్ టోనీ ఎవర్స్ మూడు శాతానికి పైగా తేడాతో గెలిచాడు. 2024లో సర్వేలు దాదాపు సమానం అన్నాయి, అది సరిగ్గానే వచ్చింది.

మధ్యలో వచ్చే ఎన్నికల్ని చూసి మోసపోకండి, ఇది నేను గట్టిగా చెప్పదలుచుకున్న విషయం. 2023 ఏప్రిల్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి ఎన్నికలో డెమోక్రాట్లు బలపరిచిన ఉదారవాద అభ్యర్థి 11 శాతం తేడాతో గెలిచింది. అది చూసి విస్కాన్సిన్ అయిపోయింది, ఇక డెమోక్రాట్లదే అన్నారు. ఏడాదిన్నర దాటిందో లేదో ట్రంప్ గెలిచాడు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ అదే కోర్టుకి మళ్లీ ఉదారవాద అభ్యర్థే 10 శాతం తేడాతో. కారణం ఓటర్ల సంఖ్యలోనే ఉంది. 2023లో పోలైనవి 18 లక్షలు, 2024 నవంబర్లో 34 లక్షలు. ఆ మిగిలిన 16 లక్షల మందిలో చాలామంది అధ్యక్ష ఎన్నిక లాంటి పెద్ద ఎన్నికలకే లేచి వస్తారు, వాళ్లలో ట్రంప్ ఓటర్లు ఎక్కువ. 2028లో ట్రంప్ పేరు బ్యాలెట్ మీద ఉండదు, అప్పుడు వాళ్లు వస్తారా రారా అన్నదే రిపబ్లికన్ల భవిష్యత్తు.

క్రాస్ ఓటింగ్ కూడా లెక్కలో పెట్టుకోండి. 2024లో ట్రంప్ గెలిచిన రోజే, అదే బ్యాలెట్ మీద, డెమోక్రాట్ టామీ బాల్డ్విన్ సెనేట్‌కి గెలిచింది, అదీ సుమారు 29 వేలతోనే. అభ్యర్థిని బట్టి మారే ఓటరు ఇంకా ఉన్నాడు. ఓట్ల చీలిక సంగతికొస్తే, 2016లో గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కి 31 వేలు వచ్చాయి, ట్రంప్ మెజారిటీ కంటే ఎక్కువ, కానీ ఆ ఓట్లన్నీ క్లింటన్‌వే అని కలిపేయకండి, వాళ్లలో చాలామంది ఇంట్లో ఉండిపోయేవాళ్లు.

మిల్వాకీ పక్కన బ్రూక్‌ఫీల్డ్‌లోనో మాడిసన్‌లోనో ఉండే మన తెలుగువాళ్లు "మా వీధిలో అందరూ ఫలానా వాళ్లకే" అంటే వినండి, కానీ లెక్కలో వెయ్యొద్దు. హెచ్1బీ వాళ్లకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ ఓటు లేదు, సిటిజన్‌షిప్ ఉంటేనే. ఓటుందా అని ముందు అడగండి. ఉంటే మాత్రం పోలింగ్ రోజున కూడా అక్కడే పేరు నమోదు చేయించుకుని వెయ్యొచ్చు, విస్కాన్సిన్‌లో ఆ సదుపాయం ఉంది, మీ వాళ్లకి చెప్పండి.

పక్క రాష్ట్రాల్ని కూడా చూడండి. 1992 నుంచి 2024 దాకా విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా ప్రతి అధ్యక్ష ఎన్నికలో ఒకే పార్టీకి వేశాయి. మూడింటికీ కలిపి ఇప్పుడు 44 ఎలక్టోరల్ ఓట్లు. పెన్సిల్వేనియా ఒకవైపు గాలి గట్టిగా వీస్తుంటే విస్కాన్సిన్ ఒక్కటే ఎదురు తిరుగుతుందని అంచనా వెయ్యాలంటే చాలా గట్టి కారణం ఉండాలి.

కౌంటింగ్ రాత్రి మొత్తం ఓట్ల అంకె చూస్తూ కూర్చోకండి. ఇక్కడ పోస్టల్ ఓట్ల కవర్లు పోలింగ్ రోజుకి ముందు తెరవడానికి చట్టం ఒప్పుకోదు, మిల్వాకీ నగరం వాటన్నిటినీ ఒకేచోట లెక్కపెట్టి అర్ధరాత్రి ప్రాంతంలో ఒక్కసారిగా ఇస్తుంది. అప్పటిదాకా రిపబ్లికన్ ముందున్నట్టు కనిపించి తర్వాత తేడా ఒక్కసారిగా మారితే అందులో మోసమేమీ లేదు. లెక్క పూర్తయిన కౌంటీ తీసుకోండి, 2024లో అక్కడ వచ్చిన తేడాతో పోల్చండి. వాషింగ్టన్ కౌంటీలో, ఒకటి రెండు పల్లె కౌంటీల్లో, సాక్‌లో, అన్నిట్లోనూ ఒక పార్టీ పోయినసారి కంటే ఒక శాతం మెరుగ్గా ఉంటే దాని దారి తెరుచుకున్నట్టే. తేడా ఒక శాతం లోపు ఉంటే ఓడినవాళ్లు రీకౌంట్ అడగొచ్చు, దాని మీద ఆశ పెట్టుకోకండి. 2020లో ట్రంప్ వర్గం 30 లక్షల డాలర్లు కట్టి డేన్, మిల్వాకీల్లో రీకౌంట్ చేయించింది, బైడెన్‌కే ఇంకో 87 ఓట్లు పెరిగాయి.