సెల్సియస్ ఎక్కడ ఉంచాలి, కెల్విన్ ఎక్కడ తప్పదు
చెన్నైలో గిండీ వైపు హాస్టళ్లలో ఉంటూ థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ పరీక్షలకు కూర్చునే మన తెలుగు పిల్లలకు ఒక మాట. లెక్కలో ఉష్ణోగ్రతల తేడా మాత్రమే ఉంటే సెల్సియస్‌ను అలాగే ఉంచండి. గోడ గుండా వేడి పోయే లెక్కలో ఒక పక్క 80, ఇంకో పక్క 30 డిగ్రీలైతే తేడా 50. కెల్విన్‌లోనూ అంతే. కెల్విన్ చేయడానికి 273 కలుపుతూ టైం పోగొట్టుకోకండి.

రేడియేషన్, అంటే వేడి కిరణాలుగా పోయే లెక్క దగ్గర మాత్రం ఆగండి. అక్కడ ఒక్కో ఉష్ణోగ్రతకూ విడిగా నాలుగో ఘాతం కట్టాకే తీసివేత. అవే 80, 30 డిగ్రీలతో బ్లాక్ బాడీకి, అంటే మీద పడ్డ కిరణాలన్నీ పీల్చుకునే ఆదర్శ వస్తువుకి, లెక్క కట్టి చూడండి. కెల్విన్‌లో 353, 303 వేస్తే చదరపు మీటరుకు దాదాపు 402 వాట్లు వస్తుంది. సెల్సియస్‌లోనే వేస్తే 2.3 వాట్లు! పద్ధతంతా సరిగ్గా రాసి ఇక్కడ మార్కులు పోతే నిజంగా బాధేస్తుంది.

కార్నో సామర్థ్యమూ, అంటే రెండు ఉష్ణోగ్రతల మధ్య ఇంజిన్‌కు వీలైన గరిష్ఠ సామర్థ్యమూ, అంతే; అందులో ఉష్ణోగ్రతల నిష్పత్తి వస్తుంది. 300, 30 డిగ్రీల మధ్య నడిచే ఇంజిన్‌కు 47 శాతం రావాలి. 90 వచ్చిందంటే సెల్సియస్ వేసేసినట్టే. ఆదర్శ వాయువు సమీకరణానికీ కెల్వినే.

ఘాతమో, నిష్పత్తో కనబడగానే నేను మార్జిన్‌లో పెన్సిల్‌తో కెల్విన్ విలువలు రాసుకుంటాను. కాలిక్యులేటర్ ఆ తర్వాతే.