చలాన్ పడిందా? కట్టే ముందు ఫొటో చూడండి

హైదరాబాద్‌లో చలాన్ పడిన సంగతి చాలామందికి పడిన రోజు తెలియదు. మూడు నెలల తర్వాత ఏదో ఒక చౌరస్తాలో బండి ఆపి, చేతిలో మెషీన్‌లో నెంబరు కొట్టి, "తొమ్మిది పెండింగ్ ఉన్నాయి సార్" అన్నప్పుడు తెలుస్తుంది. ఆ తొమ్మిదిలో రెండు మనవి కాకపోవచ్చు. వెనక హారన్లు, ముందు ఆఫీసు టైము, అక్కడ నిలబడి ఒక్కో ఫొటో చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? అన్నీ కలిపి కట్టేస్తారు. కట్టిన చలాన్ మీద మళ్లీ అభ్యంతరం చెప్పడం దాదాపు అయ్యే పని కాదు. కాబట్టి నెలకోసారి, కరెంటు బిల్లు కట్టే రోజే, ఇదీ చూసుకోవాలి. పది నిమిషాల పని.

ఎక్కడ చూడాలి

తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్ ఒకటే. ఏ కమిషనరేట్‌లో పడినా, ఏ జిల్లాలో పడినా అక్కడే కనిపిస్తుంది. బండి నెంబరు ఖాళీల్లేకుండా కొట్టాలి. ఇంజిన్ నెంబరు గానీ ఛాసిస్ నెంబరు గానీ చివరి అంకెలు అడిగితే ఆర్సీలో చూసి ఇవ్వాలి. ఆర్సీ ఫొటో ఒకటి ఫోన్‌లో పెట్టుకుంటే ప్రతిసారీ బీరువా తీయక్కర్లేదు.

ఆ సైటులో కనిపించేవి తెలంగాణ చలాన్లు మాత్రమే. సంక్రాంతికి విజయవాడ వైపు వెళ్లొచ్చినా, పని మీద బెంగళూరు వెళ్లొచ్చినా అక్కడ పడినవి ఇందులో ఉండవు. వాటికి కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ ఈ-చలాన్ సైటు విడిగా చూడాలి. "మనకేం లేవు" అనుకునేవాళ్లకి ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. మొత్తాలు కూడా ఒకలా ఉండవు. 2019లో కేంద్రం మోటారు వాహనాల చట్టం సవరించి జరిమానాలు పెంచింది. తెలంగాణ ఆ పెద్ద మొత్తాలు అమలు చేయకుండా 2011 నాటి జీవో మీదే నడిచింది. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబర్‌లో పెంచింది. హైదరాబాద్‌లో హెల్మెట్ లేనందుకు ఏళ్ల తరబడి 100 రూపాయలే ఉండేది. 2024 నవంబర్‌లో దాన్ని 200 చేశారు, రాంగ్ రూట్‌కి 2,000 అన్నారు. అదే హెల్మెట్ లేకుండా కృష్ణా దాటితే 1,000.

పట్టికలో ఏం చదవాలి

నెంబరు కొట్టగానే ఒక పట్టిక వస్తుంది. చలాన్ నెంబరు, తేదీ, సమయం, స్థలం, ఏ పోలీసు స్టేషన్ పరిధి, ఏం తప్పు, ఫైన్ ఎంత, యూజర్ చార్జీ ఎంత, చివర్లో ఫొటో గుర్తు. యూజర్ చార్జీ చలాన్‌కి 35 రూపాయలు. ఇది ప్రతి చలాన్‌కీ విడివిడిగా పడుతుంది. 100 రూపాయల చలాన్లు ఐదు ఉంటే కట్టేది 500 కాదు, 675.

మొత్తం చూసి గుండె గుభేల్‌మన్నా సరే, ముందు ఫొటో గుర్తు మీద నొక్కండి. ఒక్కోటీ విడిగా తెరవండి.

ఫొటోలో వెతకాల్సింది

మొదట ప్లేటు. పెద్దది చేసి అక్షరం అక్షరం చదవండి. 8కీ బీకీ, 0కీ డీకీ, 1కీ 7కీ తేడా దుమ్ము పట్టిన ప్లేటు మీద తెలియదు. హెచ్, ఎం, ఎన్ కూడా అంతే. ఇక్కడో విచిత్రం ఉంది. మన దగ్గర ఖైరతాబాద్ బండి ఏపీ 09 కావచ్చు, టీఎస్ 09 కావచ్చు, టీజీ 09 కావచ్చు. రాష్ట్రం ఏర్పడక ముందు ఒకటి, తర్వాత ఒకటి, 2024 మార్చి నుంచి ఇంకొకటి. వెనకాల సిరీస్, నాలుగంకెలూ కలిశాయంటే మూడు వేర్వేరు బండ్లకి ముందరి రెండక్షరాలే తేడా. నమోదు చేసేవాళ్లు ఆ రెండక్షరాల్లో పొరబడితే చలాన్ వచ్చి మీ నెత్తిన పడుతుంది. అలాగని టీఎస్‌ని గీకి టీజీ అంటించుకోకండి. టీజీ కొత్త రిజిస్ట్రేషన్లకే. పాత బండికి పాత అక్షరాలే చెల్లుతాయి, మార్చితే ప్లేటు ట్యాంపర్ చేసినట్టు.

తర్వాత బండి. మోడల్, రంగు, అద్దాలు, సీటు కవరు, వెనక స్టిక్కరు. మీది నల్ల యాక్టివా, ఫొటోలో ఉన్నది ఎర్ర పల్సర్ అయితే ఇక వాదనే అక్కర్లేదు. బండి మీదే అయినా నడిపినవాళ్లు తమ్ముడో బావమరిదో అయితే మాత్రం "నేను కాదు" అన్న అభ్యంతరం నిలవదు. నోటీసు యజమాని పేరుతోనే వస్తుంది, ఎవరు నడిపారో అడిగితే చెప్పాల్సిన బాధ్యత చట్టంలోని 133వ సెక్షన్ యజమాని మీదే పెట్టింది.

మూడోది తప్పు కనిపిస్తోందా లేదా అన్నది. సిగ్నల్ జంప్ అని రాసి, ఫొటోలో సిగ్నల్ రంగే కనపడకపోతే అడగొచ్చు. స్టాప్ లైన్ దాటడం, సిగ్నల్ జంప్ చేయడం రెండూ ఒకటి కావు. ఎర్ర లైటుకి ఆగి, ముందు చక్రం జీబ్రా మీద పెట్టిన బండి మొదటి తప్పు చేసింది, రెండోది కాదు. హెల్మెట్ విషయంలో మాత్రం చాలామంది వాదించి ఓడిపోతారు. పట్టీ బిగించకుండా తల మీద పెట్టుకున్న హెల్మెట్ చట్టం లెక్కలో పెట్టుకోనట్టే. వెనక కూర్చున్నవాళ్లకీ కావాలి, నాలుగేళ్లు దాటిన పిల్లలకీ కావాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకి 2023 ఫిబ్రవరి నుంచి వేరే నియమం వచ్చింది: నడిపేవారికి కట్టే బెల్టు, పిల్లల సైజు హెల్మెట్, గంటకి 40 కిలోమీటర్లు మించని వేగం. స్కూలు ముందు రెండు నిమిషాలు నిలబడి చూస్తే ఈ నియమం ఎందరికి తెలుసో తెలిసిపోతుంది.

నాలుగోది తేదీ, సమయం, స్థలం. ఆ టైముకి బండి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటే సీసీ కెమెరా రికార్డు, ఊళ్లో లేకపోతే ఫాస్టాగ్ ఎంట్రీ, సర్వీసులో ఉంటే జాబ్ కార్డు పనికొస్తాయి. సీసీ రికార్డులు చాలాచోట్ల కొద్ది వారాల్లో చెరిగిపోతాయి. నెలనెలా చూసుకోమనడానికి అసలు కారణం ఇదే.

కెమెరా చలాన్లకి 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ నియమం తెచ్చింది. దాని ప్రకారం నోటీసు 15 రోజుల లోపల పంపాలి. అందులో తప్పు, నెంబరు ప్లేటు కనిపించే ఫొటో, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షనో ఉండాలి. చలాన్ పరిష్కారమయ్యే దాకా ఆ రికార్డు దాచి ఉంచాలి. మెసేజ్ రాలేదంటే పంపలేదనే కాదు, ఆర్సీకి కలిపిన మొబైల్ నెంబరు బండి కొన్ననాటి పాత సిమ్‌ది కావచ్చు. ముందు అది మార్పించుకోండి.

అభ్యంతరం ఎలా పెట్టాలి

1. చలాన్ నెంబరుతో సహా పట్టిక స్క్రీన్‌షాట్, ఫొటో విడిగా సేవ్ చేయండి.

2. మీ బండిని ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి ఫొటో తీయండి. ప్లేటు స్పష్టంగా పడాలి. ఆర్సీ కాపీ జత చేయండి.

3. ఈ-చలాన్ సైటులోనే ఫిర్యాదు పెట్టే చోటు ఉంది. అక్కడ కథ రాయకండి. "ఫొటోలోని బండి ఎర్ర పల్సర్, నా బండి నల్ల యాక్టివా, ఆర్సీ జత చేశాను" చాలు. చదివేవాళ్ల ముందు అలాంటివి వందలుంటాయి. మొదటి వాక్యంలో విషయం లేకపోతే పక్కకి పోతుంది.

4. జవాబు వచ్చేదాకా ఆ ఒక్క చలాన్ కట్టకండి. మిగతావి కట్టుకోవచ్చు. సైటులో అన్నిటికీ కలిపి టిక్ పడి ఉంటే, అభ్యంతరం పెట్టినదాని మీద టిక్ తీసేశారో లేదో రెండోసారి చూసుకోండి.

5. కదలిక లేకపోతే కమిషనరేట్ ట్రాఫిక్ విభాగానికి కాగితాలతో వెళ్లాలి. అక్కడా కుదరకపోతే మిగిలేది కోర్టు. 235 రూపాయల కోసం కోర్టుకి వెళ్లాలా అన్నది మీ ఇష్టం. కానీ మీ నెంబరు తగిలించుకుని వేరే బండి తిరుగుతోందని ఫొటోలో తేలితే మాత్రం రూపాయల లెక్క వేయొద్దు. వెంటనే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే.

కట్టడం

సైటులో కట్టొచ్చు, మీసేవలో కట్టొచ్చు, పేమెంట్ యాప్‌లలోనూ కట్టొచ్చు. ఖాతాలో డబ్బు పోయి చలాన్ మాత్రం పెండింగ్ అనే చూపిస్తుంటే గాభరాపడి రెండోసారి కొట్టకండి. ట్రాన్సాక్షన్ నెంబరు దాచుకుని రెండు మూడు రోజులు ఆగితే చాలాసార్లు అటైనా తేలుతుంది, ఇటైనా డబ్బు వెనక్కి వస్తుంది.

డిస్కౌంట్ కోసం ఆగేవాళ్లు, మాస్కు రోజుల బాకీలు

2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలాన్లకి భారీ రాయితీ ఇచ్చారు. ద్విచక్ర వాహనాలకి 75 శాతం, కార్లకి 50 శాతం తగ్గింపు. 2023 డిసెంబర్ చివర్లో ఇంకోసారి, ఈసారి ద్విచక్ర వాహనాలకి 80 శాతం. దాంతో ఎప్పటికప్పుడు కట్టినవాడు వెర్రివాడు, ఆగినవాడు తెలివైనవాడు అయ్యాడు. మళ్లీ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో లెక్క లేని రాయితీ కోసం ముప్పై చలాన్లు పేర్చుకోవడం తెలివి మాత్రం కాదు. ఒక్క తనిఖీలో అన్నీ ఒకేసారి మెడకి చుట్టుకుంటాయి.

2022 రాయితీలో మరో వరస కూడా ఉంది. మాస్కు పెట్టుకోనందుకు వేసిన 1,000 రూపాయల కేసులు 100కి తగ్గాయి. కొవిడ్ కాలంలో విపత్తు నిర్వహణ చట్టం కింద పెట్టిన జరిమానా అది. అదే మాస్కుని మూతికి బదులు వెనక నెంబరు ప్లేటుకి తగిలించి, కెమెరాకి చిక్కకుండా తిరిగిన మహానుభావులు మన నగరంలో చాలామందే ఉన్నారు. ప్లేటు దాచడం, మడవడం, ఒక అంకె మీద స్టిక్కర్ వేయడం చలాన్‌తో పోయే వ్యవహారం కాదు, మోసం కింద క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది.

కొవిడ్ కాలం చలాన్లు ఇంకా కనిపిస్తుంటే తేదీలు జాగ్రత్తగా చూడండి. 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన లైసెన్సు, ఆర్సీ, ఫిట్‌నెస్, పర్మిట్ల చెల్లుబాటును కేంద్రం పొడిగిస్తూ పోయి, 2021 అక్టోబర్ 31 దాకా తెచ్చింది. ఆ మధ్యలో "లైసెన్సు గడువు తీరింది" అని చలాన్ పడి ఉంటే అభ్యంతరానికి గట్టి ఆధారం ఉన్నట్టే. ఇన్సూరెన్స్‌కి మాత్రం ఈ పొడిగింపు వర్తించదు.

వాట్సాప్‌లో వచ్చిన చలాన్

"మీ వాహనంపై చలాన్ నమోదైంది, వివరాలకు ఫైలు తెరవండి" అని వాట్సాప్‌లో వస్తుంది. కింద పరివాహన్ పేరుతో ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్‌గా దిగే ఫైలు. బండి నెంబరు సరిగ్గానే రాసి ఉండొచ్చు కూడా. అసలైన చలాన్ ఏ రోజూ ఏపీకే ఫైలుగా రాదు. అది ఫోన్‌లో దిగితే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చారంటే బ్యాంకు ఓటీపీలన్నీ అవతలివాడికి చేరతాయి. 2023 రాయితీ సమయంలో పోలీసు సైటుని పోలిన నకిలీ సైటు కూడా పుట్టింది. లింకు నొక్కకుండా అడ్రసు మీరే టైపు చేయమనేది అందుకే.

నొక్కేశారా? ముందు ఇంటర్నెట్ ఆపేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా, కార్డులు బ్లాక్ చేయించండి. ఆ వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మొదటి గంటలో చెప్తే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ. ఆ తర్వాతే ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయడం. ఆధారాలు స్క్రీన్‌షాట్ తీయకుండా రీసెట్ కొట్టేసి స్టేషన్‌కి వెళ్తే అక్కడ చూపించడానికి ఏమీ మిగలదు.

రోడ్డు మీద ఆపినప్పుడు

డిజిలాకర్‌లోని లైసెన్సు, ఆర్సీ ఒరిజినల్‌తో సమానం. గ్యాలరీలో ఉన్న ఫొటో కాదు, యాప్‌లో తెరిచినదే చెల్లుతుంది. సిగ్నల్ అందని ఫ్లైఓవర్ కింద యాప్ తెరుచుకోక ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ, కాబట్టి బయల్దేరే ముందే ఒకసారి తెరిచి ఉంచండి. అక్కడికక్కడ చలాన్ వేస్తే దానికో నెంబరు వస్తుంది, అది అడగండి. చేతికి నగదు ఇవ్వొద్దు, ఎవరి సొంత క్యూఆర్ కోడ్‌కీ పంపొద్దు. లైసెన్సు తీసుకుంటే రసీదు ఇవ్వాలని 206వ సెక్షన్ చెబుతుంది. మర్యాదగా అడిగితే పని అవుతుంది. వీడియో తీస్తూ అడిగితే కావలసిన పని తప్ప అన్నీ అవుతాయి.

మద్యం తాగి దొరికితే ఇవేవీ పనికిరావు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు కోర్టుకే వెళ్తుంది, ఆన్‌లైన్‌లో కట్టే చలాన్ కాదది. మైనర్‌కి బండి ఇచ్చిన తండ్రికి చట్టంలో 25,000 జరిమానాతో పాటు మూడేళ్ల దాకా జైలు ఉంది.

బండి అమ్మేటప్పుడు

అమ్మే రోజు సాయంత్రమే చలాన్లన్నీ చూసి, కట్టి, "పెండింగ్ లేవు" అన్న పేజీ తేదీతో సేవ్ చేయండి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి కొన్నవాడి చేతిలో పెట్టేసి మర్చిపోతే కుదరదు. ఆర్టీఏ రికార్డులో పేరు మారేదాకా చలాన్లు మీ ఫోన్‌కే వస్తాయి. ప్రమాదం జరిగితే నష్టపరిహారం కూడా రికార్డులో ఉన్న యజమాని మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. డెలివరీ ఇచ్చిన తేదీ, సమయం, కొన్నవాడి లైసెన్సు కాపీ, అతని సంతకం ఒక కాగితం మీద తీసుకోండి. రెండు వారాలకోసారి బండి నెంబరు కొట్టి యజమాని పేరు మారిందో లేదో చూస్తూ ఉండండి. మారకపోతే ఆ కాగితంతో మీరే ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా తెలియజేయండి.