పాత వరికోత మిషన్‌కు ధర కట్టేముందు జాగ్రత్తలు

- కృష్ణా డెల్టాలో ఖరీఫ్ కోతలు జోరుగా సాగే నవంబరు, డిసెంబరుల్లో బేరానికి దిగొద్దు. అప్పుడు అమ్మేవాడిదే పైచేయి.

- మోడల్ ఏ ఏడాదిదన్న దానికన్నా ఎన్ని గంటలు తిరిగిందన్నదే ముఖ్యం. మీటరు మార్చేసే ఘనులున్నారు, సర్వీసు బిల్లులతో సరిచూసుకోండి.

- చైన్ మిషన్ (టైర్లకు బదులు ట్రాక్‌లపై నడిచేది) అయితే అసలు డబ్బంతా కింది భాగంలోనే. రబ్బరు ట్రాక్‌లు పగిలి లోపలి స్టీలు తీగలు బయటపడ్డాయేమో వంగి చూడండి. తెనాలి వైపు బురద చేలల్లో తిరిగిన బండికి రోలర్లు, బేరింగులు త్వరగా అరుగుతాయి. కొత్త రంగు వేశారంటే నాకైతే అనుమానమే.

- ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పండి.

- కట్టర్ బ్లేళ్లు, డ్రమ్ము పళ్లు, బెల్టులు అరిగినా ఫర్వాలేదు. విజయవాడ ఆటోనగర్‌లోనో గుంటూరులోనో విడిభాగాల ధరలు, మెకానిక్ కూలీ కనుక్కోండి. అదే మోడల్, దాదాపు అన్నే గంటలు తిరిగిన రెండు మూడు బండ్ల ధరలు పోల్చి, అందులోంచి ఈ ఖర్చు తీసేయండి.

- ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే ఎన్‌వోసీ (అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే పత్రం) చూడనిదే అడ్వాన్స్ ఇవ్వొద్దు.