ఇంప్లాంట్ చుట్టూ చిగుళ్ల జబ్బు: మీకున్న ముప్పును అంచనా వేసుకోవడం ఎలా?

ఊడిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్ టైటానియంతో చేసిన మర (స్క్రూ) కాబట్టి దానికి పుచ్చు పట్టదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుని, పన్ను కట్టించుకున్నాక ఇక దంతవైద్యునితో పని లేదని చాలామంది అనుకుంటారు. మర లోహానిదే అయినా దాన్ని పట్టి నిలిపే చిగురూ ఎముకా మన శరీరంలోనివే. జబ్బు వచ్చేది వాటికి.

ఈ జబ్బు రెండు దశల్లో సాగుతుంది. పాచి పేరుకోవడం వల్ల చిగురు మాత్రమే వాచి, ఎర్రబడి, తాకితే రక్తం కారే మొదటి దశను పెరి ఇంప్లాంట్ మ్యూకోసైటిస్ అంటారు. పాచిని తొలగించి శుభ్రంగా ఉంచుకుంటే ఇది నయమవుతుంది, కాకపోతే చిగురు పూర్తిగా కుదుటపడటానికి కొన్ని వారాలు పట్టవచ్చు. దీన్ని పట్టించుకోకపోతే వాపు లోపలికి దిగి ఎముకను కరిగించే పెరి ఇంప్లాంటైటిస్‌గా మారవచ్చు. కరిగిన ఎముకను తిరిగి రప్పించడం చాలా కష్టం కనుక మొదటి దశలోనే గుర్తించడం మీదే దృష్టి పెట్టాలి.

ఇది ఎంతమందికి వస్తుంది? పలు అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి ఒక సమీక్ష, ఇంప్లాంట్లు ఉన్నవారిలో సగటున 43 శాతం మందికి మొదటి దశ, 22 శాతం మందికి ఎముక కరిగే దశ ఉన్నట్టు అంచనా కట్టింది. అయితే రెండో దశ విషయంలో ఒక్కో అధ్యయనంలో కనిపించిన సంఖ్య 1 నుంచి 47 శాతం దాకా మారింది. ఎంత ఎముక తగ్గితే జబ్బుగా లెక్కించాలన్న కొలమానం అన్నింటిలో ఒకటి కాకపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. ఏ లెక్కన చూసినా ఇది అరుదైన జబ్బు మాత్రం కాదు.

మీ ముప్పును అంచనా వేసుకునేటప్పుడు అన్నిటికంటే ముందు, అసలు పన్ను ఎందుకు పోయిందో గుర్తుచేసుకోండి. దెబ్బ తగిలి విరిగిపోయిన పన్ను వేరు, చిగుళ్ల జబ్బుతో కదిలి ఊడిన పన్ను వేరు. ఇంతకుముందు తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్నవారికి ఇంప్లాంట్ చుట్టూ కూడా అది వచ్చే అవకాశం స్పష్టంగా ఎక్కువ. మిగిలిన పళ్ల చుట్టూ జబ్బు ఇంకా ఉంటే, దాన్ని అదుపులోకి తెచ్చాకే ఇంప్లాంట్ పెట్టించుకోవడం మంచిది.

ఆ తర్వాత చూడవలసినది శుభ్రత. శ్రద్ధగా తోముకునేవారికి కూడా, కట్టిన పన్ను మరీ ఉబ్బుగా ఉంటే దాని అంచు కిందికి బ్రష్ చేరదు. అలాంటప్పుడు తప్పు తోముకునేవారిది కాదు, పన్ను ఆకారాన్ని సరిచేయమని వైద్యుణ్ణి అడగాలి. పన్నును అతికించిన సిమెంటు చిగురు కింద కొద్దిగా మిగిలిపోయినా అక్కడ వాపు మొదలుకావచ్చు. పొగ తాగడం, అదుపులో లేని మధుమేహం ఎంత మేరకు కారణమన్న విషయంలో అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. కానీ రెండూ చిగుళ్లను దెబ్బతీసి, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి కాబట్టి వాటిని తేలిగ్గా తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

క్రమం తప్పని పరీక్షలు ఎంత మేలు చేస్తాయో బ్రెజిల్‌లో మొదటి దశ జబ్బు ఉన్నవారిని 5 సంవత్సరాలు గమనించిన అధ్యయనం చూపింది: పరీక్షలకు వెళ్లినవారిలో 18 శాతం మందికి, వెళ్లనివారిలో దాదాపు 44 శాతం మందికి ఎముక కరిగే దశ వచ్చింది.

ఇంట్లో చేయవలసిన పని చిన్నదే. రోజుకు రెండుసార్లు తోముకోవడంతో పాటు, సందుకు సరిపడే సైజు ఇంటర్‌డెంటల్ బ్రష్‌ను (పళ్ల సందుల్లో తోమే సన్నని బ్రష్) ఇంప్లాంట్‌కు రెండు పక్కలా చిగురు అంచు వెంబడి మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించి, బయటికి తీశాక దాని కుచ్చును వెలుతురులో చూడండి. ఎర్రటి చార కనిపించినా, దుర్వాసన వచ్చినా, చిగురును నొక్కితే చీము వచ్చినా నొప్పి కోసం ఎదురుచూడకుండా వైద్యుణ్ణి కలవండి. చాలామందికి ఎముక కరుగుతున్నా నొప్పి ఉండదు. ఇంప్లాంట్ కదిలేదాకా ఆగితే సాధారణంగా దాన్ని తీసేయక తప్పదు.

పన్ను బిగించిన రోజుల్లోనే ఒక ఎక్స్‌రే తీయించి, చిగురు లోతు కొలతలు రాయించి, రెండింటి ప్రతులనూ మీ దగ్గర ఉంచుకోండి. తర్వాత ఎప్పుడైనా ఎముక తగ్గిందా లేదా అని తేల్చడానికి ఆ మొదటి ఎక్స్‌రేతోనే పోల్చి చూస్తారు. మీకున్న ముప్పును బట్టి 3 నుంచి 6 నెలలకు ఒకసారి పరీక్షకు వెళ్లండి, వెళ్లిన ప్రతిసారీ ఇంప్లాంట్ చుట్టూ చిగురు లోతును ప్రోబ్ అనే సన్నని కొలత పుల్లతో కొలిచి రక్తం వస్తోందేమో చూడమని అడగండి.